పగడాల నీటిలో ఒక పగలు

భిలాయి ఉక్కునగరంలో వీధులకు పేర్లుండవు, అంకెలుంటాయి. సెక్టరుకొక అంకె, వీధికొక అంకె, క్వార్టరుకొక అంకె. ఈ అంకెల నడుమ, సెక్టర్ 2లో, అరవై ఏళ్ళకు పైబడి తెలుగు వినబడుతూనే ఉన్నది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒడంబడిక కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ నిర్మాణకాలంలో మట్టిపనికీ, ఇనుపపనికీ వచ్చినవారిలోనూ, ఆ తరువాత కార్ఖానా లోపల ఉద్యోగాలు సంపాదించుకొన్నవారిలోనూ ఉత్తరాంధ్ర తీరపు మనుషులు అనేకులు. వారిని ఇంత దూరం తెచ్చినది ఒక రైలుమార్గం. విజయనగరం నుండి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూరు చేరే ఆ మార్గం 1931లో పూర్తయినప్పుడు దాని ఉద్దేశం వేరు. మధ్యపరగణాల సరుకును, 1933లో తెరుచుకొన్న విశాఖ రేవుకు దించడం కొరకు దానిని వేశారు. సరుకు సముద్రం వైపు దిగింది. మనుషులు సముద్రం నుండి ఎగువకు ఎక్కారు.

ఎక్కినవారు సముద్రాన్ని మరచిపోలేదు గాని, దానితో పని లేకుండా బ్రతకడం నేర్చుకొన్నారు. ఖనిజం దల్లీ రాజహరా నుండి, సున్నపురాయి నందినీ గనుల నుండి, నీరు తాండులా జలాశయం నుండి వచ్చే ఊరు ఇది. ఇక్కడి బజారులో రోహు, కట్ల దొరుకుతాయి. సెక్టర్ 5లోని బాలాజీ ఆలయంలో ఉత్సవాలకు కలుసుకొన్నప్పుడు మాత్రం ముసలివారు కోనెం గురించీ, కానాగంతల గురించీ, ఎవరో పెళ్ళిళ్ళ గురించి చెప్పుకొన్నంత ఇష్టంగా చెప్పుకొంటారు.

అటువంటివారిలో ఒక పెద్దమనిషి కథ ఇది. ఆయన పేరు ఇక్కడ అవసరం లేదు. సెక్టర్ 2లో అటువంటివారు వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. కళింగపట్నం సమీపంలోని ఒక పల్లెలో, జాలరి కుటుంబంలో, 1947లో పుట్టారు. వంశధార సముద్రంలో కలిసే ఆ చోట పిల్లలు నడకతో పాటు ఈత నేర్చుకొంటారు. ఆయన పదిహేనవ ఏట, ఒక కార్తీక మాసపు తుఫానులో, తండ్రి వెళ్ళిన తెప్ప తిరిగి రాలేదు. తల్లి పదిరోజులు ఒడ్డున కూర్చున్నది. పదకొండవ రోజున పెద్దకొడుకు చేత చేతిలో చెయ్యి వేయించుకొన్నది. మోకాలి లోతు దాటి సముద్రంలో కాలు పెట్టకూడదని. అయిదేళ్ళ తేడాతో పుట్టిన చిన్నకొడుకు చేత ఆ మాట ఎందుకు తీసుకోలేదో ఎవరికీ తెలియదు. పసివాడని కాబోలు. లేదా, ఇద్దరూ ఒడ్డునే ఉంటే ఇల్లు గడిచేదెలా అన్న లెక్క ఆమెకు అప్పటికే తెలిసి ఉండవచ్చు.

1965లో మేనమామ వెంట పెద్దకొడుకు భిలాయి చేరాడు. రెండేళ్ళు కాంట్రాక్టు కూలి, ఆ పిమ్మట బ్లాస్ట్ ఫర్నేసు కాస్ట్‌హౌస్‌లో ఉద్యోగం. నలభై ఏళ్ళు కరిగిన ఇనుము ముందు నిలబడి 2007లో పదవీ విరమణ చేశారు. చిన్నకొడుకు 1974లో విశాఖలో ఓడ ఎక్కి అండమాన్ చేరాడు. ఒకరు నిప్పుకు, ఒకరు నీటికి. ఒక పల్లెలోని రెండు వలసలు ఇవి. అండమాన్‌లోని తెలుగువారిని గురించి బయటివారికి తెలిసినది తక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాల ప్రజలలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ రేవు దగ్గర తెల్లవారుజామున నిలబడితే, అది శ్రీకాకుళం జిల్లా కాదని నమ్మడం కష్టం.

అన్నదమ్ములు చివరిసారి కలిసినది 1990లో, ఒక పెళ్ళిలో. 1994 ఆగస్టులో తల్లి చనిపోయినప్పుడు అన్న టెలిగ్రాం ఇచ్చారు. తమ్ముడు రాలేదు. అన్న ఒక్కరే అన్నీ జరిపించి భిలాయి తిరిగి వచ్చారు. తరువాత వచ్చిన ఉత్తరాన్ని విప్పకుండానే పెట్టెలో పెట్టారు. దూరాన్ని తప్పుపట్టడానికి వీలుండదు కనుక మనుషులను తప్పుపట్టడం వలస కుటుంబాలలో తరచు జరిగేదే. ఆ విధంగా ఇరవై మూడేళ్ళు గడిచాయి.

2017 ఫిబ్రవరిలో ఆయన కుమార్తెకు సెలవు ప్రయాణ రాయితీ వచ్చింది. ఆమె కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. 2014 నుండి అండమాన్‌కు విమానంలో వెళ్ళడానికి ఉద్యోగులకు ప్రత్యేక సడలింపు ఉన్నది. ఆ సడలింపును రచించిన అధికారులు పర్యాటకాన్ని గురించి ఆలోచించి ఉంటారే తప్ప, మాటలు లేని ఇద్దరు అన్నదమ్ములను గురించి ఆలోచించి ఉండరు. అయినా ఉత్తర్వులు తాము ఉద్దేశించని మేలు చేయడం అరుదేమీ కాదు. కుమార్తె తన టిక్కెట్టుతో పాటు తల్లిదండ్రులకు సొంత ఖర్చుతో టిక్కెట్లు కొన్నది. తండ్రితో మాట్లాడకుండానే చిన్నాన్నకు ఫోను చేసింది.

పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయంలో, ఆ నగరానికి 2024 నుండి శ్రీవిజయపురం అని పేరు, తమ్ముడు తెల్లచొక్కా తొడుక్కొని నిలబడి ఉన్నాడు. ‘‘ఏటన్నా, ఇన్నాళ్ళకా!’’ అన్నాడు. అన్న తల ఊపారు. పెట్టెలు తమ్ముడి కొడుకు తీసుకొన్నాడు. ఆ రోజు అందరితో కలిసి సెల్యులర్ జైలు చూశారు. 1906లో పూర్తయిన ఆ కట్టడంలో మన్యం వీరుడు గాం మల్లుదొర శిక్ష అనుభవించి, ఆ తరువాత 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికైన సంగతి కుమార్తె మనుమడికి చెప్పింది. అన్నదమ్ములు ఒకే బెంచీ మీద రెండు చివరల కూర్చున్నారు.

మరునాడు వండూరు ప్రయాణం. పోర్ట్ బ్లెయిర్ నుండి సుమారు ముప్ఫై కిలోమీటర్లు. దారిలో సిప్పీఘాట్ వద్ద రోడ్డుకు ఇరువైపులా ఉప్పునీరు, ఆ నీటిలో మోడువారిన కొబ్బరి బోదెలు. అవి ఒకప్పుడు వరి చేలు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ సుమారు ఒక మీటరు కుంగింది. సునామీ తెచ్చిన నీరు తిరిగి వెళ్ళిపోయినా, కుంగిన నేలలోకి ప్రతి పోటుకూ సముద్రం వస్తూనే ఉన్నది. ఉత్తర అండమాన్‌లో దీనికి విరుద్ధంగా నేల లేచింది. నీటి అడుగున ఉండవలసిన పగడపు దిబ్బలు ఎండలోకి వచ్చి మరణించాయి. ఒకే కుదుపు, ఒక కొసన రైతులను, మరొక కొసన పగడాలను నిర్వాసితులను చేసింది.

వండూరు రేవులో అటవీ శాఖవారి తనిఖీ ఉంటుంది. ప్లాస్టిక్ సంచి, పొట్లం ఏదీ పడవలోకి వెళ్ళకూడదు. ఇల్లాలు ముందుచూపుతో స్టీలు క్యారియర్‌లో పులిహోర సర్దింది. అది చూచి మనుమడు, ‘‘తాతా, ఇది మీ భిలాయి ఉక్కేనా?’’ అని అడిగాడు. ‘‘కాదురా, మనది పట్టాలకు. గిన్నెలకు వేరే ఉక్కు’’ అని ఆయన గంభీరంగా చెప్పారు. ఆ రోజు ఆయన మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అదేనని కుమార్తె తరువాత చెప్పింది.

వండూరు నుండి మొదలయ్యే మహాత్మాగాంధీ సాగర జాతీయోద్యానం 1983లో ఏర్పడింది. పదిహేను ద్వీపాలు, వాటి మధ్య నీరు, అన్నీ కలిపి 281.5 చదరపు కిలోమీటర్లు. భిలాయి వారికి వన్యప్రాణి దర్శనమంటే మైత్రీబాగ్. 1972లో భారత, సోవియట్ స్నేహానికి గుర్తుగా వెలసిన ఆ తోటలో తెల్లపులులను చూడని పిల్లవాడు సెక్టర్లలో ఉండడు. అక్కడ జంతువు కంచె లోపల, మనిషి బయట. వండూరులో ఈ ఏర్పాటు తారుమారు. ఉప్పునీటి మొసళ్ళు తిరుగుతాయి, నీటిలో దిగరాదని ఒడ్డున హెచ్చరిక పలకలు ఉంటాయి. చెట్టు నీడన నిలబడి మనుమడు ఆ పలకలోని మొసలి బొమ్మను చాలాసేపు చూశాడు. ఆ రోజు వారికి కనబడిన మొసలి అదొక్కటే.

పడవ మడ అడవుల నడుమ ఉన్న కాలువలోకి ప్రవేశించింది. మడ చెట్ల వేళ్ళు పందిరి గుంజలవలె నీటిలోకి దిగి ఉంటాయి. పాటు సమయం కావడం చేత బురద తేలి, దాని మీద చిన్న చేపలు రెక్కలనే కాళ్ళు చేసుకొని గెంతుతున్నాయి. ఒక ఎండుకొమ్మ మీద తెల్లపొట్ట సముద్రపు గద్ద కూర్చుని ఉన్నది. పడవ దగ్గరకు వచ్చేదాకా కదలలేదు. కదిలిన తరువాత రెండు రెక్కల విసురులో కాలువను దాటిపోయింది. తమ్ముడు తల ఎత్తకుండానే, ‘‘అది చూసే చోటనే మేమూ చూసేవాళ్ళం. అది వాలిందంటే కింద కవళ్ళ గుంపున్నట్టే’’ అన్నాడు.

ఆ మాటలో ఒక పాత లెక్క ఉన్నది. 1983కు ముందు ఈ నీళ్ళలో అతడు వల వేసేవాడు. తార్‌ముగ్లీ ద్వీపం చాటున గాలి తగలని చోట్లు, వెన్నెల రాత్రుల్లో గులివిందలు చేరే ఇసుకమేటలు అతనికి ఇంటి గదులవంటివి. ఉద్యానం ఏర్పడిన పిమ్మట ఇక్కడ చేపలు పట్టడం చట్టరీత్యా నేరమైంది. అతడు బయటి నీటికి పోయాడు. దూరం పెరిగింది, నూనె ఖర్చు పెరిగింది, వయసూ పెరిగింది. రక్షణ అవసరమే. ఎవరి బ్రతుకు నుండి ఆ రక్షణకు వెల చెల్లించారన్న లెక్క మాత్రం ఏ నివేదికలోనూ స్పష్టంగా ఉండదు. ఇతని కొడుకు నేడు అదే నీటిలో పర్యాటకులకు దారి చూపే పని చేసుకొంటున్నాడు. తండ్రి మాత్రం గత ముప్ఫై ఏళ్ళలో ఇటు రాలేదు. ఆనాడు, తాను వల వేసిన నీటిని చూడడానికి, అన్నగారి కుటుంబంతో పాటు వరుసలో నిలబడి టిక్కెట్టు తీసుకొన్నాడు. టిక్కెట్టును మడిచి చొక్కా జేబులో పెట్టుకొంటూ, ‘‘బాగుంది ఇవసం’’ అన్నాడు. దానిలో కోపం కంటె వినోదమే ఎక్కువ.

జాలీబాయ్ ద్వీపానికి రేవు లేదు. పెద్ద పడవను లోతునీటిలో ఆపి, అడుగున అద్దం బిగించిన చిన్న పడవలలోకి మనుషులను దించుతారు. నవంబరు నుండి మే మధ్య వరకు మాత్రమే అక్కడికి అనుమతి. తక్కిన నెలలలో యాత్రికులను రెడ్‌స్కిన్ ద్వీపానికి తీసుకొని వెళ్ళి, జాలీబాయ్‌కి విశ్రాంతి ఇస్తారు. చేనును బీడు పెట్టే పద్ధతి ఇది. ఏ రైతుకైనా అర్థమవుతుంది.

అద్దపు పడవలో పెద్దమనిషి వంగి చూశారు. ఆయనకు అద్దంలో నుండి చూడడం కొత్త కాదు. ఫర్నేసులోకి వేడిగాలి ఊదే గొట్టాల వద్ద కంటిరంధ్రాలు ఉంటాయి. వాటిలో నుండి లోపలి మంటను నీలిరంగు అద్దం అడ్డం పెట్టుకొని చూస్తారు. ఆ నీలిమలో కోకు ముక్కలు గెంతుతూ కనబడితే కొలిమి ఆరోగ్యంగా ఉన్నట్టు. అవి మందగిస్తే లోపల ఏదో అడ్డుపడినట్టు. నలభై ఏళ్ళు ఆయన నీలి అద్దంలో నిప్పును చదివారు. ఇప్పుడు తెల్ల అద్దంలో నీలిమను చూస్తున్నారు. చూడగా చూడగా, ‘‘పడవ కదులుతున్నది, ఒకచోట నిలబడదు. ఇలా చూస్తే ఏమీ తెలియదు’’ అన్నారు. పరిశీలకుడి ఫిర్యాదు అది. తమ్ముడి కొడుకు నవ్వి, ‘‘అయితే దిగాలి పెదనాన్నా’’ అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. ఆ చేతిలో చెయ్యి సంగతి కుటుంబంలో అందరికీ తెలుసు. విశాఖ తీరానికి ఎన్ని పర్యాయాలు వెళ్ళినా ఆయన పాదాలు తడిపి వెనుదిరిగేవారు. పుణ్యతిథులలో సముద్రస్నానానికి వెళ్ళినా చెంబుతో నీళ్ళు తెచ్చుకొని ఒడ్డునే పోసుకొనేవారు. ఇల్లాలు మనుమడి తువ్వాలు పిండుతూ, ‘‘డెబ్బై ఏళ్ళు వచ్చాయి. ఇప్పుడెందుకు?’’ అన్నది. ఆ మాటను రెండు విధాల అర్థం చేసుకోవచ్చు. ఆయన రెండవ విధంగా అర్థం చేసుకొన్నారు.

ఊపిరి గొట్టం, కంటికి ముక్కుకు కలిపి బిగించే అద్దం, ఒంటికి గాలిచొక్కా. స్నార్కెలింగ్ అనే విద్యకు ఇంతే సామగ్రి. నీటిలో బోర్లా తేలుతూ, గొట్టం ద్వారా నోటితో ఊపిరి తీస్తూ కిందికి చూడడమే పని. లోతుకు మునగవలసిన పని లేదు. వినడానికి సులువు. అయితే ముఖం నీటిలో పెట్టగానే శరీరం ఊపిరి బిగబడుతుంది. ముక్కుతో తీయబోతుంది. మొదటిసారి అద్దం సరిగా కుదరక ఆయనకు ఉప్పునీరు ముక్కులోకి పోయింది. దగ్గుతూ లేచి, ఇసుక మీదికి వచ్చి నిలబడ్డారు. ముఖం పాలిపోయింది. యాభై అయిదేళ్ళ తరువాత ఆ రుచి నాలుకకు తగిలింది.

అప్పుడు తమ్ముడు చొక్కా విప్పి కొబ్బరి బోదె మీద వేశాడు. కొడుకు చేతిలోని రెండవ అద్దం అడిగి పుచ్చుకొన్నాడు. రబ్బరు తేలుచక్రం ఒకవైపు తాను పట్టుకొని, రెండవవైపు అన్నకు అందించాడు. ‘‘కాళ్ళు ఆడించకన్నా. నీళ్ళే మోస్తాయి’’ అన్నాడు. ఇద్దరూ బోర్లా పడుకొన్నారు. ముందు తాడు పట్టుకొని కొడుకు ఈదుతున్నాడు. మోకాలి లోతు ఎప్పుడు దాటినదీ ఒడ్డున ఉన్నవారు గమనించారు గాని ఆయన గమనించలేదు.

ఆయన ఆ తరువాత ఎన్నోసార్లు వర్ణించి చెప్పినదానిని బట్టి, మొదట ఆశ్చర్యపరచినది రంగు కాదు, చప్పుడు. నీటి అడుగున నిశ్శబ్దముంటుందని అనుకొన్నారు. అక్కడ ఎండుకట్టెలు చిటపటమన్నట్లు ఎడతెగని చప్పుడు. చిన్న రొయ్యలు గోళ్ళు చిటికవేయడం వలన అది వస్తుందని తమ్ముడి కొడుకు తరువాత చెప్పాడు. దానిలో కలిసి మరొక శబ్దం, రాయి కొరికిన శబ్దం. చిలుక ముక్కువంటి నోరున్న ఆకుపచ్చ చేపలు పగడపు బండను గీకి తింటున్నాయి. తిన్న సున్నాన్ని మెత్తని ఇసుకగా విడుస్తాయి. ఒడ్డున కాలికి మెత్తగా తగిలిన తెల్లని ఇసుకలో కొంతభాగం ఈ చేపల కార్ఖానాలో తయారైనదే. బండ వేసి, నలిపి, సరుకు దించే యంత్రాంగం ఆయనకు వెంటనే బోధపడింది.

ఆ పిమ్మట ఒక రాకాసి ఆల్చిప్ప. మూత తెరచి, అంచున నీలం, ఊదా కలిసిన మఖమలువంటి పెదవి చూపుతూ ఉన్నది. మనిషి నీడ పడగానే పెదవి ముడుచుకొన్నది. ఇసుకలో సముద్ర దోసకాయలు, కదిలీ కదలనట్లు. విషపు వేళ్ళతో ఊగే ఆనిమొనీ గుబురులో నారింజరంగు మీద తెల్లని పట్టీలున్న చిన్న చేప. ఇతరులను కుట్టే ఆ వేళ్ళు దానిని కుట్టవు. అది ఆ ఇల్లు వదలి జానెడు దూరం వెళ్ళి, మళ్ళీ లోపలికి దూరుతున్నది. తమ్ముడు నీటిలోనే అన్న భుజం తట్టి ఒకవైపు చూపాడు. గులివిందల గుంపు ఒకటి, మీసాలతో ఇసుకను తడుముతూ, అన్నీ ఒకేసారి తిరిగి, ఒకేసారి ఆగుతున్నది. పల్లెలో తట్టలో చచ్చిపడి ఉన్న గులివిందలను ఇద్దరూ లెక్కలేనన్ని చూశారు. దాని మీసం ఎందుకున్నదో చూడలేదు. యాభై ఏళ్ళు వల వేసిన తమ్ముడు కూడా అద్దం పెట్టుకొని నీటి లోపలికి చూడడం అదే మొదలు. చేపలు పట్టేవాడికి నీటి పైభాగం కాగితం వంటిది. దాని మీది ముడతలను చదివి లోపలి సంగతి ఊహిస్తాడు. కాగితం వెనుకకు పోయి చూడవలసిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

ఇంతవరకు చూచి వచ్చేస్తే అది పర్యాటక శాఖవారి కరపత్రానికి సరిపోయేది. దిబ్బ అంచుకు పోయినప్పుడు కింద దృశ్యం మారింది. కొమ్మలవంటి పగడాలు విరిగి, కుప్పలుగా, బూడిదరంగు నాచు పట్టి పడి ఉన్నాయి. కాస్ట్‌హౌస్ వెనుక చల్లారిన చిట్టెం కుప్పవలె ఉన్నదని ఆయన చెప్పిన పోలిక. వాటి నడుమ గుండ్రని బండపగడాలు మాత్రం బ్రతికి ఉన్నాయి.

ఒడ్డుకు వచ్చిన తరువాత తమ్ముడి కొడుకు వివరించాడు. పగడం చెట్టు కాదు, రాయి కాదు, ప్రాణి. ఒక్కొక్కటి చాలావరకు కొన్ని మిల్లీమీటర్ల పరిమాణం. దాని ఒంటిలో సూక్ష్మమైన శైవలాలు కాపురముంటాయి. ఎండతో ఆహారం వండి పెట్టేది అవే, రంగు ఇచ్చేదీ చాలావరకు అవే. వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠ ఉష్ణోగ్రతకు మించి సముద్రం ఒక్క డిగ్రీ వేడెక్కి, కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం ఆ శైవలాలను వెళ్ళగొడుతుంది. అప్పుడు దాని సున్నపు ఎముక తెల్లగా బయటపడుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకొంటుంది, తగ్గకపోతే ఆకలితో మరణిస్తుంది. 2010 ఏప్రిల్, మే నెలలలో అండమాన్‌లో అదే జరిగింది. 2016లో మళ్ళీ జరిగింది. కొమ్మపగడాలు ముందు పోయాయి, బండపగడాలు ఓర్చుకొన్నాయి. ‘‘ఆ ఏడు నీళ్ళలోకి చూస్తే మల్లెపూలు పరిచినట్టుండేది పెదనాన్నా. వచ్చినవాళ్ళు ఎంత బాగుందో అని ఫోటోలు తీసుకునేవారు’’ అన్నాడు.

‘‘సముద్రం ఎందుకు వేడెక్కుతున్నది?’’ అని మనుమడు అడిగాడు. బొగ్గు, నూనె మండించడం వలన, అన్నాడు ఆ యువకుడు, ఎవరినీ ఉద్దేశించకుండా. పెద్దమనిషి అరచేతిలోని పగడపు తునకను తిప్పి చూస్తూ ఉన్నారు. ఒక టన్ను ఉక్కు తయారు కావడంలో లోకమంతటా సగటున సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు విడుదలవుతుంది. ఈ సంఖ్య ఆయనకు తెలియకపోవచ్చు. కాని ఎంత కోకు వేస్తే ఎంత ఇనుము దిగుతుందో, మిగిలినది ఏ గొట్టం ద్వారా ఎటు పోతుందో ఆయనకు కంఠస్థం. రోజుకు మూడు షిఫ్టులు, సంవత్సరానికి 365 రోజులు. ఆ ఇనుముతో వేసిన పట్టాల మీద దేశం నడిచింది. ఆ జీతంతోనే కుమార్తె చదివింది, పల్లెలో తల్లి పెంకుటిల్లు వేసుకొన్నది, తమ్ముడి మొదటి పడవకు సగం సొమ్ము వెళ్ళింది. వీటిలో దేనినీ కాదనడానికి వీలు లేదు. ఆయన తునకను తీసిన చోటనే పెట్టి, ‘‘ఇది సున్నమే కదా’’ అని మాత్రం అన్నారు.

సున్నమే. పల్లెలో ఆడవారు ఏరిన గుల్లలను కాల్చి సున్నం చేసేవారు. ఫర్నేసులో ఖనిజంతో పాటు సున్నపురాయి వేస్తారు. ఖనిజంలోని మట్టిని అది తనలో కలుపుకొని చిట్టెంగా కారిపోతే ఇనుము శుభ్రంగా మిగులుతుంది. ఆ రాయి వచ్చేది భిలాయి దగ్గరి నందినీ గనుల నుండి. సుమారు వంద కోట్ల సంవత్సరాలకు పూర్వం ఛత్తీస్‌గఢ్ మైదానం లోతు తక్కువ సముద్రం. అప్పటికి పగడాలు లేవు, చేపలు లేవు. కంటికి కనబడని సూక్ష్మజీవులు పొరలు పొరలుగా సున్నాన్ని బంధించాయి. ఆ పొరల గుర్తులు నేటికీ ఆ ప్రాంతపు రాళ్ళలో కనబడతాయి. సముద్రం నుండి పారిపోయి వచ్చిన మనిషి నలభై ఏళ్ళు సముద్రపు అడుగునే ఉద్యోగం చేశాడని ఎవరైనా అంటే, భూగర్భశాస్త్రం దానిని ఖండించదు.

మధ్యాహ్నం క్యారియర్ విప్పారు. పులిహోర తింటూ తమ్ముడు, దేనికో సమాధానం చెబుతున్నట్లు, నెమ్మదిగా మొదలుపెట్టాడు. అమ్మ పోయిన టెలిగ్రాం తనకు నాలుగవ రోజున అందింది. విశాఖకు ఓడ అప్పటికి రెండు రోజుల క్రితమే వెళ్ళింది. తరువాతి ఓడ ఎప్పుడో తెలియదు. విమానం ఛార్జీ ఆనాడు తన ఆరునెలల సంపాదన. వండూరు ఒడ్డున గుండు చేయించుకొని, పంతులు దొరకక, తనకు తెలిసినట్లు పిండం పెట్టాడు. అన్నీ ఉత్తరంలో రాశానని అన్నాడు. ‘‘అందిందా అన్నా?’’

అన్న అందిందనీ చెప్పలేదు, అందలేదనీ చెప్పలేదు. క్యారియర్ పై గిన్నెలో మిగిలిన పులిహోరను తమ్ముడి వైపు జరిపారు. ఇల్లాలు సముద్రం వైపు తిరిగి కూర్చున్నది. కొంతసేపటికి ఆయన, ‘‘ఏ ఒడ్డున? ఇందాక మనం పడవ ఎక్కిన చోటేనా?’’ అని అడిగారు. ‘‘దానికి ఇవతల. చూపిస్తాను’’ అన్నాడు తమ్ముడు.

సాయంత్రం వండూరులో దిగిన తరువాత వారిద్దరే అటు వెళ్ళారు. సునామీ తరువాత ఆ ఒడ్డు అదే రూపంలో లేదు. పిండం పెట్టిన చోటు ఇప్పుడు నీటిలో ఉన్నది. పోటు వస్తున్నది. మొసళ్ళ హెచ్చరిక పలక పక్కనే ఉండడం చేత కాపలావాడు దిగనివ్వలేదు. ఇద్దరూ పలక ఇవతల కాసేపు నిలబడి తిరిగి వచ్చారు.

రాత్రి జంగ్లీఘాట్‌లో తమ్ముడి ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు, వేటకు పోయే పడవల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. తమ్ముడు వాటిని లెక్కపెడుతూ, చాలాకాలంగా దాచుకొన్న ప్రశ్న అడిగినట్లు, ‘‘ఆ కొలిమిని రాత్రికి ఆర్పేస్తారా అన్నా?’’ అని అడిగాడు. ఆర్పరు, అన్నారు ఆయన. ఆర్పితే లోపలి ఇనుము గడ్డకట్టిపోతుంది. ఒకసారి వెలిగించిన కొలిమిని ఏళ్ళ తరబడి అలాగే ఉంచుతారు. మరమ్మతుకు ఆపవలసివస్తే దానికి వేరే పద్ధతి ఉన్నది, అంటూ చెప్పడం మొదలుపెట్టారు. ఇల్లాలు రెండుసార్లు భోజనానికి పిలిచింది. కోనెం పులుసు చల్లారిపోతున్నదని తోడికోడలు కూడా వచ్చి చెప్పింది. ఆయన ఇంకా వేడిగాలి పొయ్యిల దగ్గరే ఉన్నారు.